ప్రేరణ ఇవ్వని రాత్రి: నిద్ర, మెదడు స్టిమ్యులేషన్ అధ్యయనంలో ఒక వాలంటీరు కేస్ స్టడీ

హైదరాబాదులోని ఒక బోధనాసుపత్రికి అనుబంధంగా నడిచే నిద్ర ప్రయోగశాలలో నేను రీసెర్చ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. నిద్రపోతున్న మనిషి మెదడుకు అతి స్వల్పమైన విద్యుత్తును లయబద్ధంగా అందిస్తే (దీన్నే స్టిమ్యులేషన్, ప్రేరణ అంటాం) గాఢనిద్ర తరంగాలు బలపడతాయా, పడుకోబోయే ముందు నేర్చుకున్న విషయం దానివల్ల ఉదయానికి మెరుగ్గా గుర్తుంటుందా అన్నది మా అధ్యయనం అడిగే ప్రశ్న. ఆ అధ్యయనంలో చేరి, ఎలక్ట్రోడ్లన్నీ పెట్టించుకుని పడుకుని, చివరికి ఒక్క మైక్రోఆంపియరు కూడా అందుకోకుండా బయటికి వెళ్లిన ఒక వాలంటీరు గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆయన అంగీకారం తీసుకున్నాను. గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు కొన్ని మార్చాను. ఇకపై ఆయన్ని పెద్దాయన అనే ప్రస్తావిస్తాను.

అధ్యయన ఫలితాలు వచ్చినప్పుడు ఇలాంటి వారికి దక్కేది ఒక పెట్టెలో ఒక అంకె మాత్రమే. కానీ ఆ రాత్రి స్టిమ్యులేటరును ఎందుకు ఆన్ చేయలేదో, తెల్లవారాక ఎవరికి ఏం చెప్పామో, ఆ తర్వాత మా పద్ధతిలో ఏం మార్చుకున్నామో రాసిపెడితే ఇదే పనిలోకి కొత్తగా వచ్చేవారికి ఉపయోగం ఉంటుందని నా నమ్మకం.

నేపథ్యం

గాఢనిద్రలో కార్టెక్స్‌లోని, అంటే మెదడు పైపొరలోని, న్యూరాన్లు పెద్ద సంఖ్యలో ఒకేసారి చురుకవుతూ, మళ్లీ ఒకేసారి నిశ్శబ్దమవుతూ ఉంటాయి. సెకనుకు ఒకసారి కన్నా నెమ్మదిగా సాగే ఈ డోలనాన్ని మిర్చా స్టెరియాడె బృందం 1993లో వివరించింది. పగలు నేర్చుకున్నది స్థిరపడటంలో ఈ డోలనానికి పాత్ర ఉందన్న ఆలోచనతో లీసా మార్షల్, యాన్ బోర్న్ బృందం జర్మనీలోని ల్యూబెక్‌లో ఒక ప్రయోగం చేసి, 2006లో నేచర్ పత్రికలో ప్రచురించింది. 13 మంది వైద్య విద్యార్థులకు నిద్ర తొలి దశలో, నుదుటికి పైభాగాన రెండు వైపులా అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా 0.75 హెర్ట్జ్ లయలో విద్యుత్తు ఇచ్చారు. ఐదేసి నిమిషాల ప్రేరణ, మధ్యలో ఒక్కో నిమిషం విరామం. ఉత్తుత్తి ప్రేరణ (ఎలక్ట్రోడ్లు పెట్టి, విద్యుత్తు ఇవ్వకపోవడం) ఇచ్చిన రాత్రితో పోలిస్తే నిజమైన ప్రేరణ ఇచ్చిన రాత్రి తర్వాత పదాల జంటలు ఎక్కువగా గుర్తున్నాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో మరికొన్ని ప్రయోగశాలలు ఇదే చేసి చూస్తే కొందరికి ఆ లాభం కనిపించింది, కొందరికి కనిపించలేదు. కాబట్టి ఇది ఇంకా తేలని ప్రశ్నే, మా పని కూడా ఆ తేలని ప్రశ్న లోపలే నడుస్తోంది.

వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర తరంగాల ఎత్తు తగ్గుతుంది. అందుకే మేము 55 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న ఆరోగ్యవంతులను తీసుకుంటున్నాం. ఒక్కొక్కరు మూడు రాత్రులు మా దగ్గర పడుకోవాలి. మొదటిది అలవాటు రాత్రి. మిగతా రెండింటిలో ఒక రాత్రి నిజమైన ప్రేరణ, ఒక రాత్రి ఉత్తుత్తి ప్రేరణ ఉంటాయి. ఏది ఏ రాత్రో వాలంటీరుకూ తెలియదు, నాకూ తెలియదు. స్టిమ్యులేటరులో నేను నొక్కే కోడ్ సంఖ్యే దాన్ని నిర్ణయిస్తుంది.

సాయంత్రం పని

బయటివారు ఈ ఉద్యోగాన్ని రాత్రంతా తెర ముందు కూర్చోవడంగా ఊహించుకుంటారు. అసలు కష్టమంతా పడకకు ముందు రెండు గంటల్లో ఉంటుంది. నాసికా మూలం నుంచి తల వెనుక ఎముక గుబ్బ వరకు, ఒక చెవి ముందు నుంచి మరో చెవి ముందు వరకు టేపుతో కొలిచి, ఎలక్ట్రోడ్ల స్థానాలను నిర్ణయించే 10–20 పద్ధతి ప్రకారం తలపై గుర్తులు పెట్టాలి. ప్రతి గుర్తు దగ్గర పాపిడి తీసి, చర్మాన్ని జెల్‌తో రుద్ది, పేస్టు పెట్టి, ఎలక్ట్రోడ్ అతికించి, ఇంపీడెన్సు (చర్మం దగ్గర విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం) 5 కిలోఓమ్‌ల లోపు వచ్చేదాకా ఓపిక పట్టాలి. మన ఊళ్లో దీనికి మొదటి అడ్డంకి కొబ్బరినూనె. ముందు రోజే ఫోన్ చేసి తలంటుకుని రమ్మని, ఆ తర్వాత నూనె రాయవద్దని చెబుతాం. అయినా తలంటుకున్నాక కాస్త నూనె రాసుకుంటేనే తల స్నానం పూర్తయినట్టు భావించే తరం మా వాలంటీర్లది. అలాంటప్పుడు ప్రయోగశాలలోనే షాంపూతో మళ్లీ కడిగి, పూర్తిగా ఆరబెట్టి మొదలుపెడతాం. తడి తలపై పేస్టు నిలవదు.

స్టిమ్యులేషన్ ఎలక్ట్రోడ్లు నుదుటికి పైభాగాన ఎడమ, కుడి వైపుల ఉండే ఎఫ్3, ఎఫ్4 స్థానాల్లో రెండు, రెండు చెవుల వెనుక ఉన్న మాస్టాయిడ్ ఎముకలపై రెండు ఉంటాయి. మేము వాడేవి 8 మిల్లీమీటర్ల చిన్న బిళ్లలు. ప్రవాహం గరిష్ఠంగా 260 మైక్రోఆంపియర్లు, అంటే పగటిపూట తలపై నుంచి నేరు విద్యుత్తు ఇచ్చే టీడీసీఎస్ అధ్యయనాల్లో మామూలుగా వాడే 1 నుంచి 2 మిల్లీఆంపియర్ల కన్నా చాలా తక్కువ. కానీ బిళ్ల వైశాల్యం చిన్నది కాబట్టి చదరపు సెంటీమీటరుకు పడే ప్రవాహ సాంద్రత తక్కువ కాదు. పేస్టు ఎండిపోయినా, బిళ్ల ఒక అంచున లేచినా చర్మం మంట పుడుతుంది. అందుకని చెవి వెనుక బిళ్లలను టేపుతో గట్టిగా అతికించి, పైన గాజుగుడ్డ చుడతాం. సాధారణ స్లీప్ స్టడీలో ఈఈజీకి (మెదడు విద్యుత్ తరంగాల రికార్డింగుకు) మాస్టాయిడ్‌లే రిఫరెన్సు, అంటే మిగతా ఎలక్ట్రోడ్లను పోల్చి చూసే ఆధార స్థానం. ఇక్కడ ఆ చోటు స్టిమ్యులేషన్ తీసుకుంది కాబట్టి మా రిఫరెన్సు ముక్కు కొనపై ఉంటుంది. ఈ రెండు ఏర్పాట్లూ ఈ కేసులో కీలకమయ్యాయి.

వాలంటీరు

పెద్దాయన వయసు 60 దాటింది. ఆర్టీసీలో బస్సు డ్రైవరుగా చేసి రిటైరై, ఇప్పుడు ఉప్పల్ వైపు ఒక స్కూలు వ్యాను నడుపుతున్నారు. పొద్దున వాకింగ్‌కు వచ్చేవారి మధ్య మేము పంచిన కరపత్రం చూసి ఆయన కొడుకు తండ్రి పేరు రాయించాడు. సమ్మతి పత్రం చదివి వినిపిస్తున్నప్పుడు పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఈ కరెంటు పెడితే మతిమరుపు తగ్గుతదా బిడ్డా? పిల్లల పేర్లు యాదికుంటలేవు."

అది చికిత్స కాదని, లాభం ఉంటుందో లేదో తెలుసుకోవడానికే ఈ పరిశోధన అని, ఆయనకు నేరుగా ఏ మేలూ జరగకపోవచ్చని నేను వివరించాను. ఆయన తల ఊపారు. ఆ తల ఊపడాన్ని అర్థమైనట్టుగా తీసుకోకూడదన్నది నా అభిప్రాయం. ఆసుపత్రి భవనంలో, తెల్లకోటు వేసుకున్నవారి ముందు కూర్చున్న మనిషికి పరిశోధన, వైద్యం అన్న తేడా ఎంత చెప్పినా పలచగానే ఉంటుంది. అందుకే విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పమని అడుగుతాను. "మీరు చూసుకునేతందుకు నన్ను పండవెడ్తరు, నాకు ఫాయిదా ఉంటే ఉంటది, లేకుంటే లేదు," అని ఆయన చెప్పాక సంతకం తీసుకున్నాం.

అర్హత పరీక్ష మొదట ఫోన్‌లో జరిగింది. మూర్ఛ, తలలో లోహపు ఇంప్లాంట్లు, పేస్‌మేకర్, నిద్ర మాత్రలు, రాత్రి షిఫ్టులు, వీటన్నిటికీ లేదనే జవాబు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ అప్నియా, ఉన్నవారిని వేరుచేయడానికి స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నావళి వాడుతున్నాం. అందులో ఎనిమిది అంశాలు: గట్టి గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బరువు, 50 దాటిన వయసు, మెడ చుట్టుకొలత, పురుషుడా కాదా. పెద్దాయనకు వయసు, లింగం, ఈ రెండే లెక్కకు వచ్చాయి. మూడు కన్నా తక్కువ వస్తే ప్రమాదం తక్కువన్నది లెక్క. పగటి నిద్రమత్తును కొలిచే ఎప్‌వర్త్ స్కేలులోనూ 24కు 5 వచ్చింది. 10 వరకు మామూలే.

కాగితం మీద చూస్తే ఆయన ఆరోగ్యవంతుడే. కానీ ఆ కాగితాన్ని ఇప్పుడు మళ్లీ చదివితే ప్రతి జవాబు వెనుకా ఒక కారణం కనిపిస్తుంది. గురక పెడతారా అన్న ప్రశ్నకు జవాబు నిద్రపోయేవాడి దగ్గర ఉండదు, పక్కన పడుకునేవారి దగ్గర ఉంటుంది. ఊపిరి ఆగడం సంగతీ అంతే. మెడను ఫోన్‌లో కొలవలేం. ఎప్‌వర్త్ స్కేలులో ట్రాఫిక్‌లో కొన్ని నిమిషాలు ఆగిన కారులో కూర్చున్నప్పుడు కునుకు పడుతుందా అన్న ప్రశ్న ఉంటుంది. జీవితమంతా స్టీరింగు పట్టి బతికిన మనిషిని ఆ ప్రశ్న అడిగితే సున్నా తప్ప మరో జవాబు రాదు. ఆయన అబద్ధమాడారని నేను అనను. డ్రైవింగ్ మీద బతికేవారు నిద్రమత్తును తక్కువగా చెబుతారన్నది నిద్ర వైద్యంలో ఉన్నవారందరికీ తెలిసిన విషయమే. ఉద్యోగానికి ముప్పు తెచ్చే జవాబును మనసు ముందే పక్కన పెట్టేస్తుంది.

అలవాటు రాత్రి

కొత్త చోట, ఒళ్లంతా వైర్లతో పడుకున్న మొదటి రాత్రి ఎవరికీ నిద్ర సరిగా పట్టదు. దీన్ని ఫస్ట్ నైట్ ఎఫెక్ట్ అంటారు. 1966 నుంచి నిద్ర పరిశోధనలో అందరూ లెక్కలోకి తీసుకునే సంగతి ఇది. పెద్దాయన కూడా ఆ రాత్రి చాలాసేపు మేలుకునే ఉన్నారు. పడుకున్నంతసేపు ఎడమ పక్కకు తిరిగి పడుకున్నారు. మూత్రానికి పలుమార్లు లేచారు. షుగరు ఉందేమోనని నేను నమోదు చేసుకున్నాను. ఆ తర్వాత చేయించిన పరీక్షలో షుగరు లేదని తేలింది. మా ప్రోటోకాల్ ప్రకారం అలవాటు రాత్రి ఈఈజీ, కంటి కదలికలు, గడ్డం కండరం, ఈసీజీ, వేలికి ఆక్సిజన్ క్లిప్పు మాత్రమే పెట్టాలి. ముక్కు దగ్గర గాలిని కొలిచే గొట్టం, ఛాతీ బెల్టులు అందులో లేవు. స్టిమ్యులేషన్ బిళ్లలు కూడా లేవు. ఆక్సిజన్ గీత దాదాపు సమంగానే సాగింది.

అసలు రాత్రి

మార్చి చివరి వారం. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి పెద్దాయన వ్యాను పొద్దున ఏడు గంటలలోపే బయలుదేరాలి. ప్రయోగశాలలో గడిపిన రాత్రి మర్నాడు వాలంటీర్లు బండి నడపకూడదని మా నియమం. ఆ రోజుకు తన బావమరిది వ్యాను తీస్తాడని పెద్దాయన ముందే చెప్పి ఉంచారు.

ఎనిమిదిన్నరకు పదాల జంటలు నేర్పించాం. పదిన్నర దాటాక దీపాలు ఆర్పాం. కింద రోడ్డు మీద ఒక బరాత్ బ్యాండుతో సాగుతూ ఉంది, అది దాటిపోయేదాకా ఆయన కళ్లు తెరిచే ఉన్నారు. ఆ తర్వాత నిద్రపట్టింది. రెండు చెవుల వెనుకా బిళ్లలు, వాటిపై గాజుగుడ్డ ఉండటంతో ఏ పక్కకు తిరిగినా ఒత్తుకుంటుందని ఆయన వెల్లకిలా పడుకున్నారు.

స్టిమ్యులేషన్ మొదలుపెట్టడానికి మా షరతు స్పష్టంగా ఉంది. గాఢనిద్రకు ముందు వచ్చే రెండో దశ నిద్ర వచ్చాక, మేల్కొలుపు సంకేతాలేవీ లేకుండా నాలుగు నిమిషాలు నిలకడగా సాగాలి. అప్పుడు మాత్రమే కోడ్ నొక్కాలి. 30 సెకన్లు ఒక పేజీగా తెరపై నిద్ర కదులుతూ ఉంటుంది. రెండో దశలో కనిపించవలసిన స్పిండిల్స్, అంటే అర సెకను పైగా సాగే 11–16 హెర్ట్జ్ తరంగాల కట్టలు, కనిపించాయి. నాలుగు నిమిషాల గడియారం ప్రారంభించాను. రెండో నిమిషంలోపే ఒక పెద్ద కె కాంప్లెక్స్ (ఈఈజీ గీతలో ఒంటరిగా లేచిపడే పెద్ద అల), దాని వెంటనే ఆల్ఫా తరంగాలు, గడ్డం కండరంలో ఒక కుదుపు. అంటే మెదడు కొన్ని సెకన్లు మేలుకుంది. గడియారం మళ్లీ మొదటికి. కొద్దిసేపట్లో మళ్లీ అదే. ఆ తర్వాతా అదే, దాదాపు ఒకే ఎడంతో.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. కొంతసేపటికి తెరపై అన్ని ఈఈజీ గీతల్లోనూ పెద్ద పెద్ద నెమ్మది అలలు మొదలయ్యాయి. మా సాఫ్ట్‌వేర్‌లో గాఢనిద్ర తరంగాలను తనంతట తానే గుర్తించే సూచిక ఒకటి ఉంది; అది పచ్చగా వెలిగి, మూడో దశ నిద్ర, అంటే గాఢనిద్ర, వచ్చినట్టు చూపింది. ఆ సూచికను నమ్మి ఉంటే కోడ్ నొక్కవలసిన సమయం అదే.

గాఢనిద్ర తరంగానికి కొన్ని లక్షణాలున్నాయి. వేగం 0.5 నుంచి 2 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఎత్తు 75 మైక్రోవోల్టులు దాటుతుంది, నుదుటి దగ్గర పెద్దదిగా ఉండి తల వెనుకకు వెళ్లేకొద్దీ చిన్నదవుతుంది. నేను చూసిన అలలు నుదుటి దగ్గరా, తల వెనుకా ఒకే ఎత్తులో ఉన్నాయి. కంటి దగ్గరి గీతల్లోనూ అలాగే కనిపించాయి. వేగం అర హెర్ట్జ్‌కు తక్కువ. అన్ని చానెళ్లలో ఒకే ఆకారం వస్తే అనుమానించవలసింది రిఫరెన్సునే. ముక్కు కొన మీది ఎలక్ట్రోడ్ కింద చెమట పట్టి, ఊపిరితో పాటు అది ఊగుతోంది. ఇలా ముడి గీతలను ఒక్కొక్క చానెల్‌గా పోల్చి చూడటానికి ఏ సూచికా ప్రత్యామ్నాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. సూచిక ఒక గీతను చూసి నిర్ణయిస్తుంది. మనిషి అన్ని గీతలనూ, పడుకున్నవారినీ కలిపి చూస్తాడు.

గదిలో ఏసీ బాగానే నడుస్తోంది. అయినా ఇంత చెమట ఎందుకు పట్టిందో చూద్దామని పరారుణ కెమెరాను దగ్గరికి తెచ్చుకుని, గదిలోని మైకు శబ్దం పెంచాను. గురక మొదలై, పెరిగి, హఠాత్తుగా ఆగిపోయింది. ఛాతీ, పొట్ట కదులుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. ఇరవై సెకన్లు పైగా అలా సాగి, ఒక పెద్ద గుటకతో ఊపిరి తిరిగి వచ్చింది. ఆ గుటకకూ, తెరపై కె కాంప్లెక్స్‌కూ, గడ్డం కుదుపుకూ సమయం సరిపోయింది. ఈసీజీలో గుండె వేగం ఊపిరి ఆగినప్పుడు తగ్గుతూ, తిరిగి వచ్చినప్పుడు ఎగబాకుతోంది. ఆక్సిజన్ గీత కొంచెం ఆలస్యంగా దిగుతూ, ఎక్కుతూ రంపపు పళ్లలా మారింది. దిగినప్పుడల్లా 90 కిందికి వెళ్తోంది.

ఎందుకు అలవాటు రాత్రి ఇది కనిపించలేదో కూడా అప్పుడే అర్థమైంది. వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక, మెత్తని అంగిలి వెనక్కి జారి గొంతు దారి ఇరుకవుతుంది. చాలామందిలో స్లీప్ అప్నియా ఆ భంగిమలోనే తీవ్రమవుతుంది. పక్కకు తిరిగి, సగం మేలుకుని గడిపిన రాత్రి దాన్ని దాచింది. మేము అమర్చిన బిళ్లలు ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టడంతో అది బయటపడింది.

నిర్ణయం

కోడ్ నొక్కలేదు. డ్యూటీలో ఉన్న న్యూరాలజీ డాక్టరు గారికి ఫోన్ చేసి, చూసింది చూసినట్టు చెప్పాను: ఏ సమయానికి ఎంతసేపు శబ్దం ఆగింది, ఆక్సిజన్ ఎంతకు దిగింది, గుండె లయలో తేడాలున్నాయా. జబ్బు పేరు నేను చెప్పలేదు. రీసెర్చ్ అసిస్టెంటు రోగనిర్ధారణ చేయకూడదు, కానీ చూసినదాన్ని ఖచ్చితంగా, పూర్తిగా, వెంటనే చెప్పడం అతని బాధ్యత. ఈ రెండింటి మధ్య ఉన్న గీత ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ముఖ్యమని నాకు అనిపిస్తుంది. కొందరు ఆ గీతను చూపించి మౌనంగా ఉండిపోతారు, అది తప్పు.

డాక్టరు గారు ఆ రాత్రికి స్టిమ్యులేషన్ వద్దని, ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టమని, ఆక్సిజన్ 80 దగ్గర నిలిచిపోతే లేపి తనను పిలవమని చెప్పారు. నేను లోపలికి వెళ్లి, చెవి వెనుక బిళ్లలు తీసేసి, "ఎడమ పక్కకు తిరిగి పండుకోండి," అన్నాను. "అయిపోయిందా బిడ్డా?" అని అడిగి, జవాబు వినకముందే ఆయన నిద్రలోకి జారిపోయారు. మిగతా రాత్రంతా రికార్డింగ్ ఆపలేదు. పక్కకు తిరిగాక ఊపిరి ఆగడం తగ్గింది కానీ పోలేదు. తెల్లవారుజామున కలల నిద్ర వచ్చినప్పుడు మళ్లీ పెరిగింది.

ప్రేరణ ఇచ్చి ఉంటే ఏమయ్యేదని తర్వాత సమావేశంలో ఒకరు అడిగారు. ఇంత స్వల్పమైన విద్యుత్తు ప్రాణాపాయం తెచ్చేది కాకపోవచ్చు. కానీ నిమిషానికోసారి మెదడు మేలుకునే నిద్రలో 0.75 హెర్ట్జ్ లయను రుద్దితే, వచ్చే ఫలితానికి అర్థం చెప్పలేం. స్టిమ్యులేషన్ సాగుతున్నంతసేపు ఈఈజీ గీతలు దాని కింద మునిగిపోతాయి కాబట్టి, మనిషి మేలుకుంటున్నాడో లేదో కూడా విరామం నిమిషంలో తప్ప తెలియదు. నిద్రను పరిశీలించే దారి మూసుకుని ప్రేరణ ఇవ్వడం సబబు కాదు.

ఉదయం

ఆరు గంటలకు ఆయన లేచారు. జుట్టులో పేస్టు కడుక్కోవడానికి వేడి నీళ్లు ఇచ్చాం. ఆయన భార్య తీసుకెళ్లడానికి వచ్చి వరండాలో కూర్చున్నారు. పెద్దాయన అనుమతి అడిగి ఆమెను లోపలికి పిలిచాం. ప్రధాన పరిశోధకులు స్వయంగా మాట్లాడారు. రాత్రి ఊపిరి ఎలా ఉందో వివరించి, దీనికి పూర్తి స్లీప్ స్టడీ చేయించాలని చెప్పగానే, ఆమె ఆశ్చర్యపోలేదు.

"గురక వెడ్తడు సారూ. నడుమ నడుమ ఆగుతది, మల్ల ఒక్కసారి గుంజుకుంటడు. నేను లేచి చూస్త, ఊపిరి ఉన్నదా లేదా అని. దినమంత బండి తోల్తడు గదా, అలసట అనుకున్న. మమ్మల్ని ఎవ్వలు అడగలే."

స్టాప్‌బ్యాంగ్‌లోని రెండు అంశాలకు జవాబు ఆ నాలుగు మాటల్లో దొరికింది. మెడ కొలిస్తే 40 సెంటీమీటర్లు దాటింది. బీపీ చూస్తే ఎక్కువగా ఉంది. ఫోన్‌లో రెండు వచ్చిన స్కోరు వరండాలో ఆరుకు చేరింది, అంటే ప్రమాదం అధికంగా ఉన్న వర్గం.

పెద్దాయన దిగులు జబ్బు గురించి కాదు. "లైసెన్సు పోతదా సార్?" అన్నారు. దీని మీద మేము తడబడకుండా ఉండటానికి కారణం, సమ్మతి పత్రంలో ఊహించని వైద్య విషయం బయటపడితే ఏం చేస్తామో ముందే రాసి ఉండటం. ఆయన వివరాలు ఆయన అనుమతి లేకుండా స్కూలుకు గానీ, మరే కార్యాలయానికి గానీ మేము ఇవ్వం. అదే సమయంలో ఆయన వెనుక సీట్లలో పిల్లలు కూర్చుంటారు. గోప్యత ఒక వైపు, ఆ పిల్లల క్షేమం ఒక వైపు. దీన్ని మాలో మేమే తేల్చుకోకుండా, ప్రధాన పరిశోధకులు ఎథిక్స్ కమిటీ కార్యదర్శితో అప్పుడే ఫోన్‌లో మాట్లాడారు. స్లీప్ క్లినిక్‌లో చూపించుకునేదాకా వ్యాను నడపవద్దని ఆయనకు లిఖితపూర్వకంగా సలహా ఇచ్చి, చదివి వినిపించి, ఒక ప్రతి ఆయన చేతికి ఇచ్చాం. చికిత్స తీసుకుంటే మళ్లీ నడపవచ్చా లేదా అన్నది చికిత్స చేసే డాక్టరు చెబుతారని, జబ్బు ఉందని తెలిసినంత మాత్రాన బతుకుదెరువు పోదని కూడా అంతే స్పష్టంగా చెప్పాం. ఆయన మాట్లాడలేదు. భార్యే తమ్ముడికి ఫోన్ చేసి, ఇంకో నెల రోజులు వ్యాను నువ్వే తోలాలని చెప్పేసింది. ఒంటిపూట బడులు అయిపోయి, వేసవి సెలవులు రావడానికి ఎంతో కాలం లేదు. ఆ లెక్క ఆమెకు మాకన్నా ముందే తట్టింది.

మతిమరుపు సంగతి ఆయన మళ్లీ అడిగారు. ముక్కలు ముక్కలైన నిద్ర ధ్యాసనూ, జ్ఞాపకాన్నీ దెబ్బతీస్తుందని, అయితే ఆయన మరుపుకు ఇదే కారణమని పరీక్షలు చేయకుండా చెప్పలేమని డాక్టరు గారు అన్నారు. ఆశ పెట్టకుండా, కొట్టిపారేయకుండా చెప్పిన ఆ జవాబును నేను నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాను.

ఆ తర్వాత క్లినిక్‌లో ముక్కు గొట్టం, బెల్టులతో పూర్తి స్లీప్ స్టడీ జరిగింది. పది సెకన్లకు పైగా ఊపిరి ఆగడం, సగం సగంగా తగ్గడం కలిపి గంటకు 30 దాటితే తీవ్రమైన స్థాయి అంటారు. ఆయన ఆ స్థాయిలో ఉన్నారు. నిద్రలో గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే సీపాప్ యంత్రం మొదట అద్దెకు తీసుకున్నారు. ఎండాకాలంలో కరెంటు పోతే ఎలా అని అడిగారట. ఇన్వర్టరు మీద నడుస్తుందని క్లినిక్ వాళ్లు చూపించారు. డ్రైవింగ్ గురించిన నిర్ణయం ఇప్పుడు ఆయన వైద్యుల చేతిలో ఉంది, అది మా పరిధి దాటిన విషయం.

అధ్యయనం లెక్కలో ఆయన స్థానం

దీని మీద మా బృందంలో చాలా చర్చ జరిగింది. ఆయనకు కోడ్ కేటాయించాం కాబట్టి రాండమైజ్ అయినట్టే, అంటే ఏ రాత్రి ఏ ప్రేరణో యాదృచ్ఛికంగా నిర్ణయమైనట్టే. కానీ ప్రేరణ ఏదీ ఇవ్వలేదు కాబట్టి, నిజమైనదో ఉత్తుత్తిదో తెలుసుకోవలసిన అవసరం రాలేదు. కోడ్ కవరు తెరవలేదు. ఆయన్ని మొదటినుంచీ లేనట్టే తీసేస్తే పట్టిక చూడటానికి శుభ్రంగా ఉంటుందని ఒక వాదన వచ్చింది. నేను దాన్ని గట్టిగా వ్యతిరేకించాను. రాండమైజ్ అయిన ప్రతి మనిషికీ ఏం జరిగిందో చూపడానికే ట్రయల్ ఫలితాలను నివేదించే కన్సార్ట్ పద్ధతిలో వాలంటీర్ల లెక్క చూపే పటం గీస్తారు. అందులోంచి ఒకరిని తుడిచేస్తే, ఆరోగ్యవంతులైన పెద్దవయసువారిని తీసుకున్నామన్న మా మాటలో ఎంత నిజముందో పాఠకుడికి తెలియకుండా పోతుంది. మా వడపోత ప్రశ్నావళి వదిలేసినవారు ఉండవచ్చన్నది కూడా ఈ అధ్యయనం గురించిన ఒక సమాచారమే. చివరికి, రాండమైజ్ అయ్యాక, ప్రేరణకు ముందు, కొత్తగా బయటపడిన మినహాయింపు కారణంతో వైదొలిగినట్టు ఆయన్ని నమోదు చేశాం. అంతకుముందు వాలంటీర్ల అలవాటు రాత్రుల రికార్డింగులు కూడా తిరిగి చదివాం.

మార్చినవి

అర్హత పరీక్షను ఫోన్ మీద ముగించడం మానేశాం. వాలంటీరు అంగీకరిస్తే ఇంట్లో పక్కన పడుకునేవారితో, లేదా అదే ఇంట్లో ఉండేవారితో విడిగా మాట్లాడతాం. మెడ, బీపీ, బరువు మేమే కొలుస్తాం. అలవాటు రాత్రికి ముక్కు గొట్టం, ఛాతీ, పొట్ట బెల్టులు చేర్చాం. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పుగా నేను భావించేది, అలవాటు రాత్రి కూడా చెవుల వెనుక బిళ్లలు, గాజుగుడ్డ పెట్టడం. వాటికి తీగ ఉంటుంది, ప్రవాహం ఉండదు. వాలంటీరు అసలు రాత్రి ఏ భంగిమలో పడుకోబోతున్నాడో ఆ భంగిమలోనే ఒక రాత్రి ఊపిరిని చూడాలి. అలవాటు రాత్రి నిద్ర మరీ తక్కువగా ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకుండా మరో రాత్రి పిలుస్తాం. ఖర్చు పెరిగింది, వాలంటీర్లకు ఇంకో రాత్రి ఇబ్బంది పెరిగింది. అయినా ఇది చేయాల్సిందే. ఈ సవరణలను ఎథిక్స్ కమిటీకి పంపి, అనుమతి వచ్చాక క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలోని మా నమోదులోనూ మార్చాం.

ఒక సమస్య మిగిలే ఉంది. మా జాబితాలో ఒంటరిగా ఉండే స్త్రీలు కొందరున్నారు. ముట్లుడిగాక స్త్రీలలో స్లీప్ అప్నియా పెరుగుతుంది, కానీ వారిలో అది గురకగా కాకుండా నిద్రలేమిగా, నీరసంగా కనిపించడం సాధారణం. వారి ఊపిరి గురించి చెప్పేవారు ఇంట్లో ఎవరూ లేరు. వారికి అలవాటు రాత్రికి ముందే ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ క్లిప్పు ఇచ్చి రెండు రాత్రులు రికార్డు చేయిస్తున్నాం. క్లిప్పు వేలి నుంచి జారిపోవడం, గోరింటాకు పెట్టుకున్న వేలిపై సిగ్నల్ చెడటం వంటి చిక్కులు వస్తున్నాయి. ప్రస్తుతానికి గోరింటాకు లేని వేలికి పెట్టి, టేపు చుట్టి పంపిస్తున్నాం.